అగ్నిని ఆపు గోడలు: ప్లానులో వాని గుర్తులు



మీరు ఇప్పుడు కూర్చున్న గదికి నాలుగు గోడలున్నవి. అవి ఎండను, వానను, పరుల చూపును ఆపుచున్నవి. ఇంతకుమించి గోడలనుండి మనము సాధారణముగా ఏమియు కోరము. కాని పెక్కు అంతస్తుల భవనములలోను, ఆస్పత్రులలోను, హోటళ్ళలోను కొన్ని గోడలకు మరియొక పని గూడ అప్పగింపబడి యుండును. ఒకవైపున నిప్పంటుకొన్నప్పుడు, ఒక గంటసేపో రెండు గంటలసేపో ఆ నిప్పును రెండవవైపునకు పోనీయక నిలువరించుటయే ఆ పని. చూచుటకు ఈ గోడయు దాని ప్రక్కగోడయు ఒక్కతీరుననే యుండును. రెంటికిని ఒకే సున్నము, ఒకే రంగు. ఏది కాపలా గోడయో, ఏది వట్టి మరుగు గోడయో కంటితో చూచి చెప్పుట నిపుణునకు సైతము కష్టము. కావున ఆ సంగతిని ఎక్కడనో ఒకచోట వ్రాసి యుంచక తప్పదు. అట్లు వ్రాసి యుంచు ముఖ్యస్థానము భవనపు ప్లాను. నేటి కంప్యూటరు నమూనాలనుండి తీయు ప్లానులలో ఈ గుర్తును ఎట్లు చూపుదురు, ఎట్లు చూపినచో అది నమ్మదగినదై యుండును అను విషయమును గూర్చి మీతో కొంత ముచ్చటింపదలచినాను.

మొదట "గంట గోడ" అనగా నేమో తెలిసికొందము. అమెరికా దేశమున ఇట్టి గోడలను ఎ.ఎస్.టి.ఎమ్. ఇ 119 అను ప్రమాణము ననుసరించి పరీక్షింతురు. మన దేశమున దీనికి ఐ.ఎస్. 3809 అను ప్రమాణము కలదు. అమెరికా పరీక్షలో గోడ మాదిరిని ఒకదానిని కట్టి, దాని ఒక ముఖమును పెద్ద కొలిమికి ఎదురుగా నిలుపుదురు. కొలిమిలోని వేడి 5 నిమిషములకు సుమారు 540 డిగ్రీల సెంటీగ్రేడునకును, గంటకు సుమారు 925 డిగ్రీలకును, రెండు గంటలకు సుమారు 1010 డిగ్రీలకును పెరుగునట్లు చూతురు. ఆ కాలమున మంటగాని, ప్రత్తిని ముట్టింపగల వేడి వాయువులుగాని గోడను దాటి ఆవలికి రారాదు. ఆవలి ముఖపు వేడి, సగటున, మొదటనున్న దానికంటె 139 డిగ్రీలకు మించి పెరుగరాదు. ఒక గంటయు అంతకు మించియు నిలువవలసిన గోడలపై బలమైన నీటిధారను గూడ కొట్టి చూతురు. ఇన్నింటికిని తట్టుకొని నిలిచిన గోడకు, అది నిలిచిన కాలమునుబట్టి గంట, రెండు గంటలు అను అంకెను ఇత్తురు.

ఇట్టి గోడ రాతితోనో కాంక్రీటుతోనో కట్టినదే కానక్కరలేదు. అమెరికాలో అనేక భవనములలో ఇది ఉక్కు చట్రమునకు ఇరువైపుల బిగించిన జిప్సం బోర్డు మాత్రమే. జిప్సం బరువులో సుమారు ఐదవవంతు నీరే. ఆ నీరు రసాయనికముగా దానిలో ఇమిడి యుండును. మంట తగిలినప్పుడు ఆ నీరు ఆవిరియై పోవుచు వేడిని త్రాగివేయును. అది పూర్తిగా పోవువరకు గోడ ఆవలి ముఖము చల్లగానే యుండును. "టైప్ ఎక్స్" అను జాతి బోర్డు, అంగుళములో ఐదు ఎనిమిదవ వంతుల మందము గలది, ఇరువైపుల ఒక్కొక్క పొర బిగించినచో గంటయు, రెండేసి పొరలు బిగించినచో రెండు గంటలును నిలుచునట్టి కూర్పులు పరీక్షలలో నెగ్గినవి పెక్కు కలవు. అయితే ఒక్క మాట. ఆ అంకె బోర్డునకు చెందినది కాదు. చట్రము, మరలు, అతుకుల పూత, పై అంచు, క్రింది అంచు అన్నియు చేరిన మొత్తము కూర్పునకు చెందినది. అందులో ఏ ఒక్కటి తప్పినను అంకె నిలువదు.

ఈ గంట, రెండు గంటల గడువు ఎవరికొరకు? నిద్రించుచున్న వారికొరకు, నడువలేని రోగులకొరకు, మెట్లు దిగుచున్న పిల్లలకొరకు. 1980 నవంబరు 21వ తేదీ ఉదయమున అమెరికాలోని లాస్ వేగస్ నగరమున ఎమ్.జి.ఎమ్. గ్రాండ్ అను హోటలులో, క్రింది అంతస్తున నిప్పంటుకొన్నది. మంట క్రిందనే నిలిచిపోయినది. అయినను మరణించిన 85 మందిలో అధికసంఖ్యాకులు పై అంతస్తులలో నున్నవారే. లిఫ్టు గూళ్ళవెంట, మెట్లదారులవెంట, భవన భాగముల మధ్యనున్న అతుకులవెంట పొగ పైకి ప్రాకి వారిని చేరినది. మనకు సమీపమున, సికింద్రాబాదులో, 2022 సెప్టెంబరు 12న విద్యుత్ ద్విచక్ర వాహనములుంచిన క్రింది భాగమున మంటలు పుట్టగా, ఆ పొగ మెట్లదారిన పైనున్న వసతిగృహమునకు ఎక్కి 8 మంది ప్రాణములు గొన్నది. రెండుచోట్లను పాఠ మొక్కటే. అగ్ని పుట్టిన చోటికంటె, అది పోవుటకు దొరకిన దారియే ఎక్కువ ప్రాణములు తీసినది. ఆ దారిని మూయవలసినవి ఈ గోడలు.

ఇక ప్లాను సంగతి. పూర్వము చిత్తరువు బల్లపై పారదర్శకపు కాగితము పరచి, సిరా కలముతో గోడలు గీయు కాలమున, నిపుణుడు తుదకు ప్లాను ప్రతి యొకటి తీసికొని, నిప్పును ఆపవలసిన గోడల మధ్యగా ప్రత్యేకమైన గీత గీసెడివాడు. చాల కార్యాలయములలో వాడుక యేమనగా, ఒక గీటు, ఒక చుక్క వరుసగా వచ్చినచో అది గంట గోడ. ఒక గీటు, రెండు చుక్కలు వచ్చినచో రెండు గంటల గోడ. ఇది లోకమంతటికిని ఒకటే అయిన లిపి కాదు. ఒక్కొక్క కార్యాలయమునకు ఒక్కొక్క పద్ధతి యుండును. అందుచే ప్లాను అంచున గుర్తుల పట్టిక తప్పనిసరి. ఆ పట్టిక లేని గుర్తు, అర్థము తెలియని సైగ వంటిది.

తరువాత కంప్యూటరు వచ్చినది. తొలినాళ్ళలో అది కలమునకు బదులు పనిచేసెను, అంతే. తెరమీదనున్న రెండు సమాంతర రేఖలు గోడయని మనకు తెలియును గాని యంత్రమునకు తెలియదు. క్రమముగా భవనమును నమూనాగా నిర్మించు సాఫ్ట్‌వేరులు ప్రచారములోనికి వచ్చినవి. హంగరీ దేశమున పుట్టిన ఆర్కికాడ్ వానిలో మొదటి తరమునకు చెందినది. 2000 సంవత్సరమున రెవిట్ అనునది వెలువడెను. 2002లో ఆటోడెస్క్ సంస్థ దానిని కొనెను. వీనిలో గోడ అనగా రెండు రేఖలు కావు. అది ఎత్తు, పొడవు, మందము, పొరలు గల ఒక వస్తువు. దానికి పేరుండును, గుణములుండును. ఆ గుణములలో "ఫైర్ రేటింగ్" అనునది యొకటి. భిన్న సాఫ్ట్‌వేరులు తమ నమూనాలను ఒండొంటికి ఇచ్చిపుచ్చుకొనుటకై ఏర్పడిన ఐ.ఎఫ్.సి. అను ఉమ్మడి పద్ధతిలోను గోడకు ఈ గుణము కలదు. నేడు హైదరాబాదులోని అనేక కార్యాలయములలో మన యువతీయువకులు అమెరికాలో లేవబోవు భవనములకు ఇట్టి నమూనాలు సిద్ధము చేయుచున్నారు. మీలో కొందరి కుమారులో కుమార్తెలో ఈ పనిలో నుండవచ్చును. వారు దినమంతయు తెరయెదుట ఏమి చేయుదురో అను ప్రశ్నకు ఇది కొంత సమాధానము.

ఇట్టి నమూనానుండి తీసిన ప్లానులో అగ్నిగోడను చూపుటకు రెండు మార్గములున్నవి. మొదటిది, వెనుకటి సిరా కలమువలెనే, గోడపై ఒక గీటు-చుక్కల గీతను చేతితో గీయుట. రెండవది, గోడకు గల "ఫైర్ రేటింగ్" గుణమునుబట్టి సాఫ్ట్‌వేరే గుర్తు వేయునట్లు ఏర్పాటు చేయుట.

మొదటి మార్గము సులభము, శీఘ్రము. గీత అందముగా వచ్చును. కాని దాని లోపమును ఒక ఉదాహరణముతో చూడుడు. ఒక ఆస్పత్రిలో నడవకును మందుల గదికిని నడుమ గంట గోడ ఉన్నదనుకొందము. గది చిన్నదైనదని యజమాని కోరగా, ఆ గోడను రెండడుగులు జరిపినారు. గోడ జరిగినది, దానిపై గీసిన గీత ఉన్నచోటనే యుండిపోయినది. కొన్నిచోట్ల గీతను గోడకు కట్టివేయు వీలున్నను, గోడను తొలగించి వేరొకటి పెట్టినప్పుడు ఆ కట్టు తెగిపోవును. లేదా గోడ జాతిని మార్చి, చవుకగానున్న సాధారణపు గోడను పెట్టినారు; గీత మాత్రము ఇంకను గంట అనియే పలుకుచున్నది. ప్లాను ఒకటి చెప్పును, గోడ వేరొకటియై యుండును. పెద్ద భవనమున వందలకొలది గోడలు, పదులకొలది అంతస్తులు. పని ముగియులోగా మార్పులు ఎన్నియో. ఏ రాత్రి ఏ గీత వెనుకబడినదో ఎవరికి తెలియును?

రెండవ మార్గమున గుర్తు గోడనుండియే పుట్టును. గోడ జాతికి "1 గంట" అని గుణము వ్రాసి యుంతురు. పిమ్మట ఫిల్టరు అను జల్లెడ నొకదానిని ఏర్పరతురు. "ఈ ప్లానులో ఏ గోడ గుణము 1 గంట అని యున్నదో ఆ గోడను ఈ రకపు గీతలతో నింపుము" అని దానికి ఆజ్ఞ. 2 గంటలకు వేరొక జల్లెడ. ఈ ఏర్పాటును ఒక మాదిరిగా భద్రపరచి అన్ని అంతస్తుల ప్లానులకు వర్తింపజేయుదురు. ఇక గోడ జరిగినచో గుర్తు దానితోకూడ జరుగును. గోడ తీసివేసినచో గుర్తు పోవును. జాతి మారినచో గుర్తు మారును. ప్లాను చెప్పునదియు, నమూనా ఎరిగినదియు ఒక్కటే అగును. నా అభిప్రాయమున సాధ్యమైనంతవరకు అవలంబింపదగిన మార్గ మిదియే.

అయితే యంత్రము చేయుచున్నది గదా అని నిశ్చింతగా నుండరాదు. ఈ మార్గమునకును దాని మోసములు దానికి కలవు. మొదటిది అక్షరముల చిక్కు. రెవిట్‌లో ఈ గుణమును మాటలుగా వ్రాయుదురు. ఒకరు "1 గంట" అనియు, వేరొకరు "60 నిమిషములు" అనియు, మూడవవారు "ఒక గంట" అనియు వ్రాసినారనుకొనుడు. మనుష్యునకు మూడును ఒక్కటే. జల్లెడకు మూడును మూడు. మొదటిదానికి మాత్రము గుర్తు వచ్చును. తక్కిన రెండు గోడలు ప్లానులో సాధారణపు గోడలవలె మౌనముగా నుండును. తప్పు జరిగినదని యంత్రము హెచ్చరింపదు. గుణము వ్రాయక ఖాళీగా విడిచిన గోడల గతియు ఇంతే. దీనికి విరుగుడు, మొదటనే వ్రాతపద్ధతిని నిర్ణయించి అందరును పాటించుట. మరియు ఖాళీగానున్న గోడలన్నింటిని కంటికి కొట్టవచ్చినట్లు రంగుతో చూపు జల్లెడ నొకదానిని పని జరుగుచున్నంతకాలము ఉంచుకొనుట. నిప్పును ఆపనక్కరలేని గోడకు సైతము "లేదు" అని వ్రాసినచో, ఖాళీకి అర్థ మొక్కటే మిగులును: ఇంకను ఎవరును ఆలోచింపలేదని.

రెండవది రంగుల చిక్కు. తెరమీద గంట గోడను ఎరుపుగాను, రెండు గంటల గోడను ఆకుపచ్చగాను చూపుట ముచ్చటగా నుండును. ఆ ప్లాను నిర్మాణస్థలమునకు నలుపు తెలుపు నకలుగా చేరినప్పుడు రెండును ఒకే బూడిదరంగు అగును. ఎరుపు ఆకుపచ్చల భేదము తెలియని కన్నులు గలవారును లోకమున కలరు. కావున భేదము గీతల తీరులోనే యుండవలెను. రంగు దానికి తోడు మాత్రమే. ఆ గీతలు గోడ ఎటు తిరిగిన అటు తిరుగునట్లు ఏర్పరచుట గూడ అవసరము. లేనిచో నిలువు గోడపై ఒకతీరున, అడ్డగోడపై వేరొకతీరున కన్పట్టి చదువరిని తికమక పెట్టును.

మూడవది అన్నింటికంటె లోతైనది. ప్లాను అనగా, నేలనుండి సుమారు నాలుగడుగుల ఎత్తున భవనమును అడ్డముగా కోసి పైనుండి చూచినట్లు గీసినది. ఆ కోతకు పైన ఏమున్నదో అది చెప్పదు. గోడ ఫాల్స్ సీలింగు వరకే లేచి ఆగిపోయినదా, లేక దానిని దాటి పైశ్లాబును తాకినదా? ప్లానులో రెండును ఒక్కతీరుననే యుండును. శ్లాబును తాకని గోడకు ప్రక్కన ఎన్ని గంటలు వ్రాసినను, పొగ సీలింగుపైనున్న ఖాళీలోనుండి ఆవలికి నడచిపోవును. నమూనాకు మాత్రము ఆ గోడ ఎత్తు తెలిసియే యున్నది. గంట గోడలన్నింటి జాబితాను, వాని పై అంచు ఎచట ముగియుచున్నదో చేర్చి, నమూనానుండి తీసి చూచుకొనవచ్చును. చేతితో గీసిన గీత ఈ ప్రశ్నకు ఎన్నటికిని బదులు చెప్పలేదు. గోడ తలుపులును ఇట్టివే. అమెరికా భవన స్మృతి రెండు గంటల గోడలోని తలుపు గంటన్నర నిలువవలెనని కోరును. గోడకు గుర్తు వేసి తలుపును మరచినచో, కోటకు ప్రాకారము కట్టి ద్వారము తెరచియుంచినట్లగును.

చేతిగీతను పూర్తిగా త్రోసివేయవలెనని నేననను. పాత భవనములకు మార్పులు చేయునప్పుడు, గోడ లోపలి కూర్పు నమూనాలో లేనిచోట్ల, నిపుణుడు స్వయముగా పరిశీలించి గీసిన గీతయే ఆధారము. ఒకే కూర్పు గల గోడ ఒకచోట కాపలా గోడగాను, వేరొకచోట వట్టి గోడగాను ఉండవలసివచ్చినప్పుడు, ఈ గుణము గోడ జాతికి చెందినదగుటచే జాతిని రెండుగా చీల్చవలసివచ్చును. అది కొంత శ్రమ. ఆ శ్రమకు వెరచి గీతను ఆశ్రయించువారిని నేను తప్పుపట్టను. ప్రతి మార్పు పిమ్మటను ఆ గీతలను ఒక్కొక్కటిగా సరిచూచు బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించుకొనుడని మాత్రము చెప్పుదును. మరియు "2 గంటలు" అని నమూనాలో వ్రాసినంతమాత్రమున గోడ రెండు గంటలు నిలువదు. పరీక్షలో నెగ్గిన ఏ కూర్పు ననుసరించి దానిని కట్టవలెనో ఆ కూర్పు సంఖ్యయు దానితోకూడ ఉండవలెను.

భవనము పూర్తియైన పిమ్మట కథ ముగియునా? అసలు పరీక్ష అప్పుడే మొదలగును. నీటిగొట్టమునకొకడు, విద్యుత్ తీగలకొకడు, ఇంటర్నెట్టు తీగకొకడు వచ్చి గోడకు రంధ్రము చేయును. తాను తొలిచినది ఏ గోడయో అతనికి ఎవరు చెప్పుదురు? అమెరికాలో వాడుకలోనున్న అంతర్జాతీయ భవన స్మృతి ఇందుకొక ఉపాయము చెప్పినది. సీలింగుపైన, మనుష్యుడు చేరగల మరుగుచోట్ల, ఆ గోడమీదనే, 3 అంగుళములకు తక్కువగాని అక్షరములతో, 30 అడుగులకు మించని దూరముల చొప్పున, ఇది అగ్నిని ఆపు గోడ, రంధ్రములన్నింటిని కాపాడవలెనని వ్రాసియుంచవలెను. ప్లానులోని గుర్తు ఈవిధముగా గోడమీదికే దిగివచ్చినది. ఇంగ్లండులో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదమున 72 మంది మరణించిన పిమ్మట, 2018లో వెలువడిన సమీక్ష, భవనపు భద్రతా సమాచారము చిత్తరువుదశనుండి నివాసదశవరకు తెగని బంగారు దారమువలె కొనసాగవలెనని సూచించినది. 2022లో అచట ఇందుకు చట్టమును చేసిరి. మన దేశమున 2016 నాటి జాతీయ భవన స్మృతి తన నాల్గవ భాగమును అగ్నినుండి ప్రాణరక్షణకే కేటాయించినది.

గృహస్థులైన మీకు నేను విన్నవించునది స్వల్పము. ఫ్లాటు కొనునప్పుడు పడకగది కొలతలు, వంటగది దిక్కు అడుగుదుము. మెట్లదారి చుట్టునున్న గోడలు, తీగలు గొట్టములు పోవు గూళ్ళ గోడలు ఎన్ని గంటలవో గూడ అడుగుడు. ఆ గుర్తులున్న ప్లానును చూపుమనుడు. మీ భవన సంఘము ఆ ప్లాను ప్రతి నొకదానిని భద్రపరచి, గోడ తొలుచుటకు వచ్చిన ప్రతి పనివానికిని చూపు నియమము పెట్టుకొనుట మంచిది. చేసిన రంధ్రమును అగ్నిని తాళు పదార్థముతో మూయించిన పిమ్మటనే కూలి చెల్లింపుడు. మెట్లదారి తలుపును గాలికొరకని ఇటుక అడ్డుపెట్టి తెరచియుంచకుడు.

ప్లానులోని గీటు, చుక్కయు మిక్కిలి చిన్న గుర్తులు. వానిని గీయువారు మీ ముఖము నెన్నడును చూడరు. అయినను పై అంతస్తున నిద్రించువాడు మేల్కొని, పిల్లలను లేపుకొని, మెట్లు దిగుటకు పట్టు కాలమును వారు ఆ గుర్తులో దాచి యుంచుచున్నారు. ఆ గుర్తు గోడతో పాటు కదలవలెను, గోడతో పాటు మారవలెను, గోడ నిలిచియున్నంతకాలము చదువబడవలెను.